ఫ్యాక్టరీ వీల్సా, కట్టించుకున్న వీల్సా? ఆలేరు రోడ్డు మీద తేలే లెక్క

సైకిల్‌కి ఒక్క అప్‌గ్రేడ్ మాత్రమే చేయించగలిగితే వీల్స్ మార్చండి అని యూట్యూబ్‌లో సైకిల్ రివ్యూలు చేసే ప్రతివాళ్లూ చెప్తారు. అందులో తప్పేం లేదు. చిక్కంతా తర్వాతి ప్రశ్న దగ్గరే. ఏ వీల్స్? డబ్బా విప్పగానే బిగించుకునే బ్రాండెడ్ ఫ్యాక్టరీ వీల్‌సెట్ కొనాలా? లేక రిమ్ము, హబ్బు, స్పోకులు విడివిడిగా ఎంచుకుని, పని తెలిసిన మెకానిక్ చేత కట్టించుకోవాలా?

సికింద్రాబాద్ సీటీసీలో షాపు షాపూ తిరిగి పీసీ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకు ఈ డైలమా కొత్తేం కాదు. బ్రాండెడ్ తీసుకుంటే వారంటీ, లుక్, నిశ్చింత. అసెంబుల్ చేయిస్తే పార్టులు మనిష్టం, రిపేరు మనిష్టం. తేడా ఒక్కటే. పీసీ పాడైతే ఇంట్లో పాడవుతుంది. చక్రం మాత్రం ఇంటికి 40 కిలోమీటర్ల అవతల, ఎండలో, పొలాల మధ్య పాడవుతుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో గ్రాముల లెక్కలు కొంచెం తక్కువ, రిపేరు లెక్కలు కొంచెం ఎక్కువ ఉంటాయి.

మాది ఆలేరు. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే 163వ జాతీయ రహదారి మీద, సిటీకి సుమారు 70 కిలోమీటర్లు. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఉప్పల్‌లో బయల్దేరి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి మీదుగా మా ఊరు తగులుతుంది. హైవే బాగానే ఉంటుంది. కానీ సైకిల్ తొక్కేవాడు హైవే మీదే ఉండడు కదా. కొలనుపాక జైన మందిరం వైపో, యాదగిరిగుట్ట వెనక ఊళ్లలోకో తిరిగితే స్పీడ్ బ్రేకర్లు, గుంతలు. యాసంగి కోతలప్పుడైతే రోడ్డులో సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగంలో మీరూ, ఎదురుగా ట్రాక్టరూ. ఈ రోడ్ల మీద ఏ చక్రం నిలబడుతుంది, నిలబడకపోతే ఎవరు బాగుచేస్తారు అన్నదే నా కొలమానం.

నిజానికి కట్టించుకునే చక్రం మా వైపు కొత్త ఫ్యాషన్ కాదు. గీత కార్మికులు కల్లు కుండలు కట్టుకుని తిరిగిన సైకిళ్లు, పాలోళ్లు క్యాన్లు వేలాడేసిన సైకిళ్లు, అవన్నీ 28 అంగుళాల రోడ్‌స్టర్లు. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆ లెక్కను లూధియానా కంపెనీలు అలాగే ఉంచేశాయి. సైకిల్ విడిభాగాలుగా షాపుకి వచ్చేది, స్పోకులు అల్లి చక్రం నిలబెట్టడం షాపులోనే జరిగేది. హ్యాండ్‌బిల్ట్ అని ఇప్పుడు మనం ఎక్స్‌ట్రా డబ్బులిచ్చి చేయించుకుంటున్న పని, మన తాతల కాలంలో ప్రతి సైకిల్‌కీ మామూలుగా జరిగిన పనే.

చక్రాన్ని మోసేది కింది స్పోకులే

ముందు కొంచెం ఇంజనీరింగ్. ఇది అర్థమైతే ఏ వీల్‌సెట్ బ్రోచర్ చూసినా మోసపోరు.

హబ్బు పై స్పోకులకు వేలాడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కొలిచి చూస్తే అలా కనిపించదు. మీరు సీటు మీద కూర్చోగానే పై స్పోకుల టెన్షన్ దాదాపుగా మారదు. నేలకు దగ్గరగా ఉన్న మూడు నాలుగు స్పోకుల టెన్షన్ మాత్రం తగ్గుతుంది. ముందే గట్టిగా లాగి బిగించారు కాబట్టి, ఆ బిగువు కొంచెం వదులవడమే బరువు మోయడం. సివిల్ బ్రాంచ్ వాళ్లకు ఈజీగా చెప్పాలంటే ప్రీ-స్ట్రెస్డ్ కాంక్రీట్ లాంటిదన్నమాట. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీర్ 1981లో 'ది బైసికిల్ వీల్' అనే పుస్తకంలో దీన్ని విడమరిచి రాశాడు. చక్రాలు కట్టేవాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గరికే వెళ్తారు.

దీనర్థం ఏంటంటే, చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రతి స్పోకూ ఒకసారి వదులై, మళ్లీ బిగుసుకుంటుంది. 700సి చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. ఉప్పల్ వైపు నుంచి ఆలేరుకు 70 కిలోమీటర్లు అనుకుంటే చక్రం 33 వేల చుట్లు తిరుగుతుంది. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తొక్కితే దాదాపు 24 లక్షల సార్లు. స్పోకు ఒక్క దెబ్బకు తెగడం అరుదు. ఇలా వంగీ వంగీ, మెడ దగ్గర సన్నటి పగులు పుట్టి, ఒకరోజు నున్నటి రోడ్డు మీద ఏ కారణమూ లేనట్టు టంగ్‌మని తెగుతుంది. మెకానికల్ వాళ్లు ఫెటీగ్ అంటారే, అదే.

మరి స్పోకు ఎక్కువకాలం బతకాలంటే? టెన్షన్ తగినంత ఉండాలి, ఒకే వైపు స్పోకులన్నిటికీ సమానంగా ఉండాలి. చక్రం కట్టడమంటే ప్రధానంగా ఈ రెండే. రిమ్ము వంకర లేకుండా తిరుగుతోందంటే చక్రం బాగున్నట్టు కాదు. ఒక స్పోకు బాగా బిగువుగా, పక్కది వదులుగా ఉన్నా రిమ్ము తిన్నగానే తిరగొచ్చు. కొత్త చక్రం షాపులో చూసేటప్పుడు మనకు కనిపించేది తిన్నదనం, కనిపించనిది టెన్షన్.

తక్కువ ధరలో వచ్చే మెషిన్ వీల్స్ బలహీనత సరిగ్గా ఇక్కడే. మెషిన్‌కి ప్రతి సెకనూ ఖర్చు. తక్కువ టెన్షన్‌లో రిమ్ము వంకర త్వరగా తీసేయొచ్చు. బాగా బిగించాలంటే నిప్పల్‌తో పాటు స్పోకు కూడా మెలితిరుగుతుంది, దాన్ని విప్పుకుంటూ పోవాలి, టైమ్ పడుతుంది. అందుకని చాలా ఎంట్రీ లెవెల్ సైకిళ్లలో స్పోకులు ఉండాల్సినదానికంటే వదులుగా వస్తాయి. మెషిన్ చెడ్డదని కాదు. ఖరీదైన ఫ్యాక్టరీ వీల్స్‌ని మెషిన్ తర్వాత మనిషి మళ్లీ చెక్ చేస్తాడు. మీరు కట్టే ధరలో ఆ మనిషి జీతం కూడా ఉందా లేదా అన్నదే తేడా.

వెనక చక్రమే అసలు పరీక్ష

ముందు చక్రం గురించి పెద్దగా కంగారు అక్కర్లేదు. రిమ్ బ్రేక్ సైకిళ్లలో అది రెండు వైపులా సమానంగా ఉంటుంది, బరువు కూడా తక్కువ మోస్తుంది. తలనొప్పి వెనక చక్రంతోనే.

వెనక హబ్బుకు కుడివైపు గేర్ల క్యాసెట్ ఉంటుంది. దానికి చోటివ్వడానికి కుడి ఫ్లాంజ్‌ని మధ్యకు నెట్టేస్తారు. ఉదాహరణకు మధ్య గీత నుంచి కుడి ఫ్లాంజ్ 20 మి.మీ., ఎడమ ఫ్లాంజ్ 35 మి.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. రిమ్ము మధ్యలో నిలబడాలంటే రెండువైపుల లాగుడూ సమానం కావాలి. కుడివైపు స్పోకులు నిటారుగా ఉన్నాయి కాబట్టి అవి ఎక్కువ బిగువుతో లాగాలి. 20ని 35తో భాగిస్తే 57 శాతం. అంటే కుడి స్పోకులో 120 కిలోల టెన్షన్ ఉంటే ఎడమ స్పోకులో 68 కిలోలే ఉంటుంది. 32 స్పోకుల చక్రంలో అన్నీ కలిపితే 3 టన్నులు. మన బాత్రూమ్ బకెట్ అంత బరువు కూడా లేని చక్రంలో 3 టన్నుల లాగుడు దాక్కుని ఉందన్నమాట.

కుడివైపు ఎక్కువ బిగువు, ఎడమవైపు ఎక్కువ వదులు. గుంతలో పడ్డప్పుడు ఎడమ స్పోకు టెన్షన్ సున్నాకి దిగితే నిప్పల్ దానంతటదే తిరిగి ఇంకా వదులవుతుంది. నెల తిరిగేసరికి చక్రం ఊగడం మొదలెడుతుంది. పాపం మెకానిక్ ప్రతిసారీ వంకర తీసిస్తుంటాడు, మూలం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ సమస్యకు ఫ్యాక్టరీల దగ్గర మంచి జవాబే ఉంది. కాంపాగ్నోలో, ఫుల్‌క్రమ్ కంపెనీలు కొన్ని వెనక వీల్స్‌లో కుడివైపు స్పోకులు ఎడమవైపుకంటే రెట్టింపు పెడతాయి. కుడి పని రెండు స్పోకులు పంచుకుంటే ఎడమ స్పోకుకి కూడా దాదాపు అంతే టెన్షన్ వస్తుంది. తెలివైన డిజైన్. దాన్ని మెచ్చుకోకుండా హ్యాండ్‌బిల్టే గొప్ప అనేవాళ్ల మాట నేను నమ్మను.

కట్టించుకునే చక్రంలో జవాబు వేరే. స్పోకు రంధ్రాలు మధ్యలో కాకుండా 3 మి.మీ. ఎడమకు జరిగిన ఆఫ్‌సెట్ రిమ్ము ఎంచుకుంటే కుడి దూరం 23, ఎడమ దూరం 32 అవుతుంది. 57 శాతం కాస్తా 72 శాతం. ఒక్క రిమ్ము ఎంపికతో ఎడమ స్పోకుల ఆయుష్షు మారిపోతుంది. స్పెక్ షీట్‌లో ఈ ఒక్క లైన్ కోసం వెతకండి, 50 గ్రాముల తేడా కోసం కాదు.

గ్రాముల మాట వచ్చింది కాబట్టి అది కూడా ముగించేద్దాం. తిరిగే బరువు చాలా ముఖ్యమని అంటారు. రిమ్ము మీద తగ్గించిన 200 గ్రాములు వేగం పెంచేటప్పుడు 400 గ్రాములతో సమానం, నిజమే. కానీ మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు ఉన్నప్పుడు అది అర శాతం కూడా కాదు. ఒకే వేగంతో తొక్కుతున్నప్పుడు ఆ రెట్టింపు లాభం కూడా ఉండదు. రెండు వాటర్ బాటిళ్లలో ఒకటి సగం ఖాళీ చేస్తే ఇంకా ఎక్కువే తగ్గుతుంది.

వంగపల్లి దగ్గర తెగిన స్పోకు

నా పాత వెనక చక్రం ఒక పేరున్న కంపెనీ ఫ్యాక్టరీ వీల్. 24 స్పోకులు, స్ట్రెయిట్-పుల్ రకం, అంటే మెడ వంపు లేకుండా హబ్బులోకి తిన్నగా దూరే స్పోకులు. చూడ్డానికి సూపర్. మెడ వంపు లేదు కాబట్టి అక్కడ తెగే అవకాశం తక్కువ అని కూడా చెప్తారు. నాది ఎక్కడ తెగిందంటే నిప్పల్ మర దగ్గర, వంగపల్లి దాటాక, ఉదయం తొమ్మిదింటికి.

24 స్పోకుల చక్రంలో ఒకటి పోతే రిమ్ము ఎంత పక్కకు పోతుందో చూస్తేగానీ నమ్మలేం. బ్రేకు పూర్తిగా తెరిచినా టైరు ఫ్రేముకు రాసుకుంటోంది. నడిపించుకుంటూ ఆలేరు వచ్చి, చిన్నప్పటి నుంచీ తెలిసిన సైకిల్ షాపుకి వెళ్లాను. కాకా చక్రాన్ని ఒకసారి తిప్పి, తెగిన ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు.

"గీ పోకుకు మెడనే లేదు గద బిడ్డా. నా తాన ఉన్నయన్నీ మెడ వంగినయే."

"ఏమన్నా చేయొచ్చా కాకా?"

"నలభై పోకుల చక్రమైతే చాయ్ తాగే లోపట చేసిస్తుంటి. గిదైతే ఇల్లు చేరేటట్టు చేస్త, గంతే."

ఆయన నిప్పల్ కీ నా చక్రానికి సరిపోలేదు. నా మల్టీటూల్‌లోది తీసుకుని, తెగిన స్పోకుకు అటూ ఇటూ ఉన్న ఎడమవైపు స్పోకులు రెండూ కొంచెం వదులు చేశాడు. రిమ్ము మళ్లీ మధ్యకు వచ్చింది. టెన్షన్ మీటర్ లేదు, స్టాండ్ లేదు, సైకిల్‌ని తలకిందులు పెట్టి బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. పని ఆయనకు పూర్తిగా వచ్చు. లేనిదల్లా ఆ ఒక్క స్పోకు. కంపెనీ సర్వీస్ ద్వారా అది నా చేతికి రావడానికి ఐదు వారాలు పట్టింది.

నేను చెప్పదల్చుకున్నదంతా ఈ ఐదు వారాల్లోనే ఉంది. స్పోకు ఏ చక్రానికైనా తెగుతుంది. తెగిన తర్వాత ఆ చక్రం ఎవరి మీద ఆధారపడి ఉందన్నదే ప్రశ్న. సొంత కొలతల స్పోకులు వాడే ఫ్యాక్టరీ వీల్, అప్‌డేట్స్ ఇచ్చే ఫోన్ లాంటిది. కంపెనీ పట్టించుకున్నంత కాలం బాగుంటుంది. 1889లో మొదలైన ఫ్రెంచ్ కంపెనీ మావిక్ సంగతే తీసుకోండి. లావుపాటి అల్యూమినియం స్పోకులతో దాని వీల్స్ ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. 2020లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొన్ని నెలల్లో కొత్త యాజమాన్యం తీసుకుంది కాబట్టి సరిపోయింది. ఆ మధ్య కాలంలో ఒక స్పోకు తెగినవాడి పరిస్థితి ఊహించుకోండి.

మెడ వంగిన మామూలు జె-బెండ్ స్పోకు, 2 మి.మీ. మందం, ఇత్తడి నిప్పల్. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. పొడవు ఒక్కటీ తెలిస్తే చాలు.

ఆ పొడవు ఎలా తెలుస్తుంది

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు బోలెడు ఉన్నాయి. కానీ లోపల ఉన్నది ఇంటర్ ట్రిగనామెట్రీనే. ఒకసారి చేత్తో చేసి చూడండి, మజాగా ఉంటుంది. నాలుగు కొలతలు కావాలి: రిమ్ము లోపల నిప్పల్ కూర్చునే చోట వ్యాసం, హబ్బు ఫ్లాంజ్ మీద రంధ్రాల వలయం వ్యాసం, మధ్య గీత నుంచి ఫ్లాంజ్ దూరం, స్పోకు ఎన్ని స్పోకుల్ని దాటుతుంది అన్నది.

రిమ్ము వ్యాసం 600, అంటే వ్యాసార్థం 300. రంధ్రాల వలయం 45, వ్యాసార్థం 22.5. మొత్తం 32 స్పోకులు, ఒక్కోవైపు 16, మూడు దాటే అల్లిక. అప్పుడు కోణం 360ని 16తో భాగించి 3తో గుణిస్తే 67.5 డిగ్రీలు, దాని కొసైన్ 0.383. ఇప్పుడు 300 వర్గం, 22.5 వర్గం, ఫ్లాంజ్ దూరం వర్గం మూడూ కలిపి, అందులోంచి 2 × 300 × 22.5 × 0.383 తీసేసి, వర్గమూలం కట్టండి. చివర్లో ఫ్లాంజ్ రంధ్రంలో సగం, 1.3 మి.మీ. తీసేయండి. ఎడమ దూరం 35 అయితే 293 మి.మీ. వస్తుంది. కుడి దూరం 20 అయితే 291.5. రెండువైపులా ఒకే పొడవు వేస్తానన్న మెకానిక్‌ని ఎందుకని అడగడానికి ఈ మాత్రం లెక్క చాలు.

ఈ రెండు అంకెలూ ఫోన్‌లో నోట్ చేసుకోండి. చక్రం ఉన్నంతకాలం పనికొస్తాయి. మా ఊరి షాపులో 28 అంగుళాల రోడ్‌స్టర్ స్పోకులు ఉంటాయి, 26 అంగుళాల ఎమ్‌టీబీ స్పోకులు ఉంటాయి. 700సి పొడవు మధ్యలో ఎక్కడో పడుతుంది. అందుకని విడి స్పోకులు మీ దగ్గరే ఉండాలి. అల్లే చెయ్యి మాత్రం ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది.

ఫోన్‌తో టెన్షన్ టెస్ట్

గ్యాడ్జెట్ సైట్ కాబట్టి ఇది లేకుండా ఆర్టికల్ ఎలా పూర్తవుతుంది? టెన్షన్ మీటర్ లేకపోయినా మీ జేబులో ఒకటి ఉంది. స్పోకు కూడా గిటార్ తీగ లాంటిదే. బిగువు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్‌లో ఆడియో స్పెక్ట్రమ్ టూల్ ఉంది. ఫ్యాన్ ఆపేసి, ఫోన్ మైక్ స్పోకు దగ్గర పెట్టి, రిమ్ముకీ అల్లిక దాటే చోటుకీ మధ్యలో గోరుతో మీటండి.

2 మి.మీ. స్టీల్ తీగ, 29 సెం.మీ. పొడవు, సుమారు 100 కిలోల టెన్షన్ అయితే లెక్క ప్రకారం 345 హెర్ట్జ్ దగ్గర మోగాలి. నిజ చక్రంలో స్పోకులు ఒకదానికొకటి తగులుతుంటాయి కాబట్టి మోగే పొడవు తగ్గి, అంకె దానికంటే పైకి వస్తుంది. మధ్యలో సన్నబడిన బటెడ్ స్పోకులైతే ఇంకో రకంగా వస్తుంది. కాబట్టి అంకెను పట్టుకుని టెన్షన్ ఇంత అని చెప్పకండి. ఒకే వైపు స్పోకుల్ని ఒకదానితో ఒకటి పోల్చండి, అక్కడ ఈ టెస్ట్ బాగా పనిచేస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. టెన్షన్ అనేది ఫ్రీక్వెన్సీ వర్గంతో మారుతుంది. కుడి స్పోకులన్నీ 350 దగ్గర మోగుతూ ఒకటి మాత్రం 315 చూపిస్తే, తేడా 10 శాతమే కదా అనుకోవద్దు. 0.9 వర్గం 0.81. ఆ స్పోకు టెన్షన్ 19 శాతం తక్కువ.

కొత్త సైకిల్ కొన్న నెలకి ఈ టెస్ట్ చేసి, స్పోకు నంబర్ల వారీగా షీట్‌లో వేసుకోండి. తేడాలు ఎక్కువగా ఉంటే కొత్త వీల్స్ కొనాల్సిన పని లేదు. ఉన్నవాటినే మంచి మెకానిక్ దగ్గర రీ-టెన్షన్ చేయించండి. మామూలు జె-బెండ్ స్పోకులున్న 28, 32 స్పోకుల ఫ్యాక్టరీ చక్రం మీ దగ్గర ఉంటే అన్నింటికంటే తక్కువ ఖర్చయ్యే అప్‌గ్రేడ్ ఇదే. చాలామందికి ఇక్కడితో ఆగిపోవడమే మంచిది.

ఎవరికి ఏది

మీరు ప్రధానంగా ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తొక్కుతారా? 2023 అక్టోబర్‌లో అది మొదలయ్యాక స్పీడ్ కోసం తొక్కేవాళ్లకు మంచి చోటు దొరికింది. అక్కడైతే ఫ్యాక్టరీ వీల్స్ తీసుకోండి, డీప్ రిమ్ము, తక్కువ స్పోకులు, ఏరో అన్నీ అక్కడ పనికొస్తాయి. తెగితే క్యాబ్ బుక్ చేసుకుని ఇంటికెళ్లొచ్చు. కార్బన్ రిమ్ములు కావాలనుకునేవాళ్లకు కూడా ఫ్యాక్టరీ సెట్టే నా సలహా. రిమ్ము, స్పోకులు, హబ్బు కలిపి టెస్ట్ చేసి ఇచ్చిన వారంటీకి అక్కడ విలువుంది.

బ్రెవేలు తొక్కుతారా? 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తిచేయాలి, దారిలో మన సాయం మనమే చేసుకోవాలి. వీళ్లకు కట్టించుకున్న చక్రమే. ఇంకో గ్యాడ్జెట్ కారణం కూడా ఉంది: డైనమో హబ్బు. ముందు చక్రం హబ్బులోనే జనరేటర్ ఉంటుంది, 6 వోల్టులు, 3 వాట్లు. పగలు యూఎస్‌బీ కన్వర్టర్‌తో ఫోన్ చార్జింగ్, రాత్రి లైటు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు. రెండున్నర వాట్ల చొప్పున ఎక్కినా ఏడున్నర గంటలు దాటుతుంది. ఫాస్ట్ చార్జింగ్‌కి అలవాటుపడ్డవాళ్లకు నవ్వొస్తుంది కానీ, 300 కిలోమీటర్ల రైడ్‌లో మ్యాప్ ఆన్‌లో ఉంచుకోవడానికి సరిపోతుంది. మామూలు ఫ్యాక్టరీ సెట్లలో డైనమో హబ్బు రాదు. కావాలంటే కట్టించుకోవాల్సిందే.

మరి నాలాగా ఊరికీ సిటీకీ మధ్య తిరిగేవాళ్లు? నా సెటప్ చెప్తా. ముందు చక్రం పాత ఫ్యాక్టరీదే, మార్చలేదు. వెనకది మాత్రం 32 రంధ్రాల ఆఫ్‌సెట్ రిమ్ము, జె-బెండ్ స్టెయిన్‌లెస్ స్పోకులు, ఇత్తడి నిప్పల్స్, గోళీల హబ్బు. అల్యూమినియం నిప్పల్స్ రంగురంగుల్లో దొరుకుతాయి, తేలిక, కానీ కొన్నేళ్లకు పట్టేసి కీ పెట్టి తిప్పితే గుండ్రంగా అరిగిపోతాయి. గోళీల హబ్బు ఎందుకంటే, పావు అంగుళం గోళీలు ఆలేరు షాపులో డబ్బాల్లో ఉంటాయి, గ్రీజు కూడా. సీల్డ్ బేరింగుల హబ్బు కూడా చెడ్డదేం కాదు. నంబర్ స్టాండర్డ్‌ది అయితే సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగ్ షాపుల్లో దొరుకుతుంది. ముందు చక్రం మీద పెద్ద స్టిక్కరు, వెనక చక్రం మీద ఏమీ లేదు. ఇన్‌స్టా ఫొటోకి బాగుండదు. పట్టింపు ఉంటే ముందు స్టిక్కర్ కూడా పీకేయండి.

బరువు 90 కిలోలు దాటినవాళ్లు, వెనక క్యారియర్ మీద బ్యాగులు వేసేవాళ్లు 36 స్పోకులు అడగండి. డిస్క్ బ్రేక్ ఉన్న చక్రానికి స్పోకులు ఒకదాన్నొకటి దాటే అల్లికే వేయించాలి, బ్రేకు పట్టినప్పుడు ఆ మెలిక భారం స్పోకుల మీదే పడుతుంది. రిమ్ బ్రేక్ వాళ్లకు ఇంకో లాభం: బ్రేకుకు రిమ్ము అరిగిపోయినా హబ్బు దాచుకుని కొత్త రిమ్ము వేయించుకోవచ్చు.

కట్టించుకునేటప్పుడు రేటు మూడు ముక్కలుగా అడగండి: పార్టులకెంత, కట్టినందుకెంత, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ సరిచేస్తే అదనంగా ఎంత. మూడోది ఫ్రీ అన్నవాళ్లకు తమ పని మీద నమ్మకం ఉందని అర్థం. టెన్షన్ రీడింగులు కాగితం మీద రాసిమ్మని అడగండి. మీటరే లేదంటే వంక పెట్టక్కర్లేదు, మీ ఫోన్ ఉంది కదా, డెలివరీ తీసుకునే ముందు అక్కడే మీటి చూడండి.

ఇక బ్యాగులో పెట్టుకోవాల్సినవి. కుడి పొడవు స్పోకులు రెండు, ఎడమది ఒకటి, నిప్పల్స్ నాలుగు, మీ నిప్పల్‌కి సరిపడే కీ. వీటికి తోడు క్యాసెట్ లాక్‌రింగ్ విప్పే చిన్న టూల్ తప్పకుండా ఉండాలి. కుడివైపు స్పోకు తెగితే క్యాసెట్ తీయకుండా కొత్తది దూరదు. మా ఊరి షాపులో ఫ్రీవీల్ విప్పే సామాను ఉంది గానీ ఈ లాక్‌రింగ్‌కి పట్టేది లేదు. స్పోకుల్ని ఫ్రేము వెనక గొట్టానికి ఇన్సులేషన్ టేపుతో చుట్టేస్తే బరువూ తెలియదు, చోటూ పట్టదు. టేపు మీద కుడి, ఎడమ అని మార్కర్‌తో రాసి పెట్టండి, ఒకటిన్నర మి.మీ. తేడా ఎండలో కంటికి కనిపించదు.